ఉప్పెనకు ముందా, తర్వాతా?

మా ఊరి బళ్లో పిల్లాణ్ని చేర్చడానికి ఎవరొచ్చినా మాస్టారు ముందుగా అడిగే మాట ఒకటే. "ఉప్పెనకు ముందు పుట్టాడా, తర్వాత పుట్టాడా?" పేరూ ఇంటిపేరూ ఆ తర్వాతే.

దివిసీమలో అప్పట్లో కాలానికి గుర్తు అదే. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం ఊళ్ల మీదికొచ్చి పదివేల మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. మా ఊళ్లో మునసబు గారింట్లో ఉండే జనన మరణాల లెక్కలు కూడా ఆ నీళ్లలోనే పోయాయి. దాంతో పిల్లల వయసు తేల్చే పని బడిపంతులు నెత్తిన పడింది.

ఈ పనికి చాలా బళ్లలో ఒక సుళువు ఉండేది. జూన్‌లో బడి తెరుస్తారు కాబట్టి, ఐదేళ్లు నిండినట్టు లెక్క చూసుకుని జూన్ 1 అనో జూలై 1 అనో వేసేయడం. మా అన్నయ్యకూ అంతే వేశారు. ఆ లెక్కన మా తరం వాళ్లలో సగం మంది తొలకరి వానలకే పుట్టాం. ఎవరికీ నష్టం లేదు, ఎవరూ అడగరు.

మా మాస్టారికి ఆ సుళువు నచ్చేది కాదు. 1983 జూన్‌లో నేను ఐదో తరగతిలోకి వచ్చాను. చేతిరాత గుండ్రంగా ఉంటుందని అడ్మిషన్ల రోజుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఆయన చెప్పినవి చిత్తుకాగితం మీద నేను రాస్తే, సరిచూసుకుని ఇంకుపెన్నుతో రిజిస్టరులోకి ఎక్కించేవారు. ఒక్కో పిల్లాడికి అరగంట పట్టేది. వరికోతలప్పుడా, ఊడ్పులప్పుడా? సంక్రాంతికి చంకనెత్తుకుని తిరిగారా, అప్పటికే పాకుతున్నాడా? ఒకావిడ, "ఉప్పెన నాటికి నేనింకా పురిటి మంచం మీదే ఉన్నాను మాస్టారూ, తొమ్మిదో రోజు" అంది. ఆయన వేళ్లు మడిచి వెనక్కి లెక్కపెట్టి, "దీపావళి వెళ్లి వారమే కదమ్మా అప్పటికి?" అన్నారు. "అవునవును, దీపావళి అమాస నాడే నొప్పులు మొదలయ్యాయి" అని ఆవిడ మొహం వెలిగిపోయింది. నవంబరు 11 అని రాశాను. అంత ఖచ్చితంగా తేలిన రోజున మాస్టారు ఎంత ఆనందపడేవారంటే, చాక్‌పీసు డబ్బాలోంచి కొత్త బలపం ఒకటి తీసి ఆ పిల్లాడి చేతిలో పెట్టేవారు.

ఆ ఏడాదే రామారావు గారి ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్‌మెంటు వయసును 58 నుంచి 55కి దించింది. అరుగుల మీద అదే ముచ్చట. దాని ప్రభావం మా బడి గుమ్మం దాకా వచ్చింది. ఏడేళ్ల కొడుకును తెచ్చిన ఒక తండ్రి, "రెండేళ్లు తగ్గించి వెయ్యండి మాస్టారూ, సర్వీసులో కలిసొస్తాయి" అన్నాడు. వాడికింకా అ ఆలు రావు, రిటైర్‌మెంటు మాత్రం ఖాయమైపోయింది. అదే పిల్లాడు అవనిగడ్డ బస్సెక్కితే హాఫ్ టికెట్టు కూడా అక్కర్లేని వయసువాడు. కండక్టరు అడిగితే ఎన్నేళ్లని చెప్పాలో ఇంటి దగ్గరే నేర్పి ఎక్కించేవాళ్లు.

మాస్టారు ఉపన్యాసం ఇస్తారేమో అనుకున్నాను. ఆయన ఒక్కటే అన్నారు: "వాడు పక్కనే నిలబడి వింటున్నాడండీ."

"ఒరే, బయటికెళ్లి ఆడుకో" అన్నాడు తండ్రి.

మాస్టారు పెన్నుకు మూత పెట్టేశారు.

ఆయన మొండి మనిషని ఊళ్లో పేరు. ఆ మొండితనం ఎక్కడ సడలించాలో కూడా ఆయనకు తెలుసని నాకు తెలిసింది మాత్రం ఆ వారంలోనే. ఒక ముసలమ్మ మనవణ్ని తీసుకొచ్చింది. ఉప్పెన రాత్రి ఆవిడ ఏడాది నిండని ఆ మనవడితో కూతురింట్లో ఉంది, అందుకే ఇద్దరూ మిగిలారు. అమ్మానాన్నలు హైదరాబాదులో పనికెళ్లారని వాడికి చెప్పి పెంచింది. పండక్కి కొత్త చొక్కా కొని, వాళ్లే పంపారనేది. ఊరంతా ఆ మాటే అనేది. పాపమని అనేవాళ్లు, అది వేరే సంగతి.

రిజిస్టరులో తండ్రి పేరు గడి దగ్గర మాస్టారు ఆగారు. పెద్ద పిల్లాణ్నొకణ్ని పిలిచి, వీణ్ని బోరింగు దగ్గరికి తీసుకెళ్లి నీళ్లు తాగించుకురమ్మన్నారు. ఇందాకటి తండ్రి కూడా పిల్లాణ్ని బయటికే పంపాడు మరి.

"ఇక్కడ వీడి నాన్న పేరు ముందు కీర్తిశేషులు అని రాయాలి మామ్మా. నాలుగేళ్లు పోతే వీడికి చదవడం వస్తుంది. నేనే నేర్పుతాను. అప్పుడు ఈ పుస్తకంలోనే చదువుకుంటాడు. అంతకు ముందే నువ్వు చెప్పు."

"నా నోటితో చెప్పలేను బాబూ. మీరు చెప్పండి."

"నేను చెబితే, నువ్వు ఇన్నాళ్లూ అబద్ధమాడావని వాడికి తెలుస్తుంది. నువ్వు చెబితే, ఎందుకు దాచావో తెలుస్తుంది."

ఆ రోజు ఆ గడి ఖాళీగా వదిలేశారు. దసరా సెలవులయ్యాక ఆవిడ వచ్చి చెప్పానంది. అప్పుడు నింపారు. నాలుగు నెలలు రిజిస్టరులో గడి ఖాళీగా ఉంచడం తప్పే. తనిఖీకి ఎవరైనా వచ్చి ఉంటే సంజాయిషీ రాసుకోవాల్సింది. పిల్లల ముందు ఒక్క తప్పుడు తేదీ రాయనన్న మనిషి, ఒక పిల్లాడి కోసం ఆ తప్పు చేశారు. బీఈడీలో ఇది చెప్పరు.

ఇక ఆ తండ్రి సంగతి. మర్నాడే కొడుకును పక్కూరి బడికి తీసుకెళ్లాడు. అక్కడ ఎవరూ ఉప్పెన సంగతి అడగలేదు. రెండేళ్లు తగ్గించి జూన్ 1 అని వేశారు. పదో తరగతి సర్టిఫికెట్టులోనూ, సర్వీసు రిజిస్టరులోనూ అదే ఎక్కింది. సర్వీసు రిజిస్టరులో ఒకసారి పడ్డ పుట్టినతేదీ మార్చకుండా 1984లో నిబంధనలు కూడా వచ్చాయి. నిజాయితీకి ఫలితం ఉంటుందని పిల్లలకు చెప్పేవాళ్లు ఇలాంటి లెక్కలు బయటపెట్టరు గానీ, ఆ కొడుక్కి ఆ రెండేళ్లూ నిజంగానే కలిసొచ్చాయి. 2022లో మన దగ్గర రిటైర్‌మెంటు వయసు 62 అయ్యాక కనబడితే, అసలైతే 2038లో దిగిపోవాలి, కాగితం ప్రకారం 2040 దాకా ఉంటానని తనే చెప్పాడు.

వాళ్లమ్మ ఇప్పటికీ తిథి చూసి ఇంట్లో పాయసం వండుతుందట. జూన్ 1న ఆఫీసులో కేకు తెస్తారు. ఆ రోజు అతను ఏటా క్యాజువల్ లీవు పెడతాడు.