నాకు ట్రిపుల్ ఐటీ సీటు వస్తుందా?

పోయిన నెల నేను చలి మీద కవిత ఇస్తానని పేరు రాయించుకున్నాను. కవిత రాలేదు. తలలో మార్కులే తిరుగుతున్నాయి కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

సంగతి ఏమంటే, లెక్కల సారు గతేడాది ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ జిరాక్సు తెచ్చి నోటీసు బోర్డుకు అంటించారు. దాని అసలు పేరు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో పెట్టారు. మన రాష్ట్రంలో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం అని నాలుగు క్యాంపస్‌లు ఉన్నాయి. మామూలుగా యూనివర్సిటీకి వెళ్ళాలంటే ఇంటర్ అయ్యాక కదా వెళ్ళాలి. ఇక్కడ పదో తరగతి అవ్వగానే తీసుకుంటారు. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు అక్కడే. పరీక్ష లేదు. పది మార్కులే చూస్తారు. కరోనా వల్ల పది పరీక్షలు లేనప్పుడు 2020లోనూ 2021లోనూ మాత్రం వేరే పరీక్ష పెట్టారట. 2022 నుంచి మళ్ళీ మార్కులే.

పరీక్ష లేదంటే మొదట సంతోషం వేసింది. తర్వాత ఆలోచిస్తే భయం వేసింది. పరీక్ష ఉంటే ఆ రోజు ఏదో అదృష్టం అనుకోవచ్చు. ఇక్కడ మార్చిలో ఏం రాస్తామో అదే లెక్క.

ఆ రాత్రి స్టడీ అవర్‌లో నేనూ, నా పక్క ట్రంకుపెట్టె వాడూ పాత రికార్డు కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశాం. ఒక్కో క్యాంపస్‌లో వెయ్యి సీట్లు. ఎస్టీలకు నూటికి ఆరు, అంటే అరవై. నాలుగు క్యాంపస్‌లకు 240. "అబ్బో, చాలా ఉన్నాయిరా" అన్నాడు వాడు. నేను కూడా అలాగే అనుకున్నాను. కానీ ఈ 240 మన పాడేరు వాళ్ళకే కాదు. సీతంపేట వాళ్ళున్నారు, పార్వతీపురం వాళ్ళున్నారు, రంపచోడవరం, చింతూరు వాళ్ళున్నారు. కింద మైదానంలో సుగాలీలు, యానాదులు, ఎరుకలవాళ్ళు ఉన్నారు. పట్నంలో ఉద్యోగస్తుల పిల్లలు మంచి మంచి ప్రైవేటు బడుల్లో చదివేవాళ్ళు కూడా ఎస్టీ సర్టిఫికెట్‌తోనే వస్తారు. వాళ్ళని తప్పుపట్టడం లేదు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా ఒకప్పుడు మనలాంటి హాస్టల్లోనే చదివి ఉంటారు.

ఇంకొకటి చూశాం. ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళకు నాలుగు శాతం మార్కులు కలుపుతారని ఉంది. వాడు ఎగిరి గంతేశాడు. ఐదు వందలు దాటినవాడికి ఇరవై మార్కుల పైమాటే కదా! నేను మళ్ళీ చదివాను. నాన్ రెసిడెన్షియల్ అని ఉంది. అంటే ఇంటి నుంచి రోజూ వెళ్ళి చదివే బడి. మనది రెసిడెన్షియల్. పొద్దున్నే సారు దగ్గరికి వెళ్ళి అడిగితే, "అవునురా, మీకు ఇక్కడ తిండీ బసా స్టడీ అవరూ అన్నీ ఉన్నాయి కదా, ఇంటి దగ్గర పనులు చేసుకుంటూ చదివేవాడికి ఇస్తారు" అన్నారు. సారు మాట న్యాయమే. అయినా నాకు కొంచెం కష్టంగానే ఉంది. మా ఊరి నుంచి రోజూ నడిచి వెళ్ళగలిగేంత దూరంలో హైస్కూలు ఉంటే నేను మాత్రం ఆరో తరగతిలో ట్రంకుపెట్టె మోసుకుని ఇక్కడికి ఎందుకు వస్తాను? (వార్డెన్ గారు, హాస్టల్ మీద ఫిర్యాదు కాదండి.)

ఇప్పుడు నా మార్కులు. ప్రీ ఫైనల్లో తెలుగు 90, హిందీ 82, ఇంగ్లీషు 64, లెక్కలు 71, భౌతిక శాస్త్రం యాభైకి 38, జీవశాస్త్రం యాభైకి 44, సోషల్ 88. మొత్తం 477. మన బడి నుంచి శ్రీకాకుళం క్యాంపస్‌కు వెళ్ళిన అన్నకు 541 వచ్చాయట. అంటే నాకు ఇంకా 64 కావాలి. కూర్చుని పంచాను. లెక్కల్లో 20, ఇంగ్లీషులో 18, భౌతికంలో 8, హిందీలో 8, సోషల్లో 5, తెలుగులో 4, జీవశాస్త్రంలో 3. మొత్తం 66. అప్పుడు 543. కాగితం మీద ఎంత సులువుగా వచ్చిందో! ఇంగ్లీషులో ఆ 18 ఎక్కడి నుంచి వస్తాయో ఆ దేవుడికే తెలియాలి. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. తెలుగు నేను బడిలో నేర్చుకున్నాను. లెక్క చేసేటప్పుడు తలలో తెలుగు, కాగితం మీద ఇంగ్లీషు. మధ్యలో ఎక్కడో రెండు మార్కులు పడిపోతాయి.

నా మిత్రుడికి 481. లెక్కల్లో వాడికి 89. ఇద్దరికీ సమానంగా వస్తే మొదట లెక్కల మార్కులు చూస్తారు, అవీ సమానమైతే సైన్స్, తర్వాత మిగతావి. అన్నీ సమానమైతే పుట్టిన తేదీ చూసి పెద్దవాడికి ఇస్తారు. ఇది చదివి ఇద్దరం నవ్వుకున్నాం. నాది జూన్ 10, వాడిది జూన్ 5, ఒకే సంవత్సరం. అవి ఊరి బడిలో చేర్చినప్పుడు రాసినవి. మా అమ్మ చెప్పేదేమంటే నేను కాఫీ పళ్ళు ఏరే రోజుల్లో పుట్టాను. వాడు ఆ తర్వాత వచ్చిన ఇటుకల పండుగకు పుట్టాడు. నిజానికి నేనే నాలుగు నెలలు పెద్ద. కాగితంలో వాడు ఐదు రోజులు పెద్ద.

నవ్వుకున్నాం గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు రాసేది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. సారు నాకు త్రికోణమితి, సంభావ్యత మోడల్ పేపర్లు, జవాబులతో సహా ఒక కట్ట ఇచ్చి "ఇద్దరూ చూసుకోండి" అన్నారు. నేను దాన్ని పెట్టెలో బట్టల కింద పెట్టి ఎనిమిది రోజులు వాడికి చెప్పలేదు. వాడు రెండుసార్లు "సారు పేపర్లు ఇస్తానన్నారే" అని అడిగాడు. "ఇంకా ఇవ్వలేదు" అన్నాను. అబద్ధం. తెల్లవారుజామున నాలుగున్నరకు అందరూ రగ్గు కప్పుకుని చదువుతుంటే నేను వరండా చివర కూర్చుని ఆ పేపర్లు చేసేవాణ్ణి. ఎనిమిది రోజుల్లో నాకు మూడు లెక్కలు మాత్రమే అర్థమయ్యాయి. జవాబు ఉంది గానీ ఎలా వచ్చిందో చెప్పేవాడు లేడు. ఎప్పుడూ చెప్పేవాడు వాడే.

తొమ్మిదో రోజు మా అయ్య సంతకు వచ్చి నన్ను చూడటానికి వచ్చాడు. ట్రిపుల్ ఐటీ గురించి చెప్పాను. ఆరేళ్ళు అన్నాను. మా అయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీతోపాటు మనవాళ్ళు ఎవరైనా వస్తారా?" అని అడిగాడు. నేను నా మిత్రుడి పేరు చెప్పాను. "అయితే పర్వాలేదు" అన్నాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే కట్ట తీసి వాడికి ఇచ్చాను. ఎప్పుడు ఇచ్చారని అడిగాడు. చెప్పాను. వాడు ఆ రోజు నాతో కలిసి అన్నం తినలేదు. మర్నాడు రాగి జావ దగ్గర మాత్రం "రెండో పేపర్లో ఏడో లెక్క తప్పు అచ్చయింది చూశావా" అన్నాడు. నేను చూడలేదు.

అందుచేత మిత్రులారా, నాకు సీటు వస్తుందా అంటే, ఇప్పుడున్న మార్కులకు రాదు. 540 దగ్గరికి వెళితే రావచ్చు. వాడికి నాకంటే ఎక్కువ అవకాశం ఉంది. రాకపోతే పాడేరులో పాలిటెక్నిక్ ఉంది, పాలిసెట్ రాయాలి. అదీ కాకపోతే ఇంటర్ ఎంపీసీ. తొమ్మిదో తరగతి తమ్ముళ్ళకు ఒక్క మాట: కుల ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బడి రికార్డులో మీ పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. నాది రెండింటిలో రెండు రకాలుగా ఉంది. దానికోసం మా అయ్య ఇప్పటికి రెండుసార్లు కూలి మానుకుని తిరిగాడు.

ఇది అంటించే ముందు వాడికి చూపించాను. అంతా చదివి, "ఇంగ్లీషు 82 నీకు ఎలా వస్తుందిరా?" అని మాత్రం అన్నాడు. రాత్రి ఎనిమిదింటికి త్రికోణమితి చేద్దామన్నాడు. పేపర్లు ఇప్పుడు వాడి పెట్టెలో ఉన్నాయి. కావలసినవాళ్ళు వాడిని అడగండి, ఇస్తాడు.

— 10వ తరగతి విద్యార్థి