కాలిన హోల్డర్, కాలని ఫ్యూజు

పోస్ట్ కొంచెం పొడుగే, ఓపిక చేసుకోండి. ఇంట్లో పాత కారు ఉన్నవాళ్లు, రాత్రి క్యాబ్ నడిపే అన్నలు, ఐటీఐ, డిప్లొమా చదివే తమ్ముళ్లు మాత్రం తప్పక చదవాలె.

మా ఇంట్లో 2009 మోడల్ ఆల్టో ఉంది. భియా, నేను పైసలు కలిపి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నం. షోకు కోసం కాదు. మా యాడికి మోకాళ్ల ఆపరేషన్ అయినంక బస్సు మెట్లు ఎక్కలేకపోతున్నది. చెకప్ ఉన్నప్పుడల్లా దేవరకొండ దగ్గరి మా తండా నుంచి హఫీజ్‌పేట్‌లో మేముండే గదికి తీసుకురావాలె. ఇద్దరివీ పగలు కుదరని డ్యూటీలు, కాబట్టి ఎప్పుడు బయలుదేరినా రాత్రే. ఇబ్రహీంపట్నం వరకు పర్వాలేదు, వీధి దీపాలుంటయి. ఆ తర్వాత మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి దాకా చాలా చోట్ల మన లైటే మనకు దిక్కు. పత్తి సీజన్ అయితే ఇంకా కష్టం. నిండా పత్తి ఎత్తుకున్న ట్రాలీకి వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కర్ కూడా ఉండదు.

అలాంటి రోడ్డు మీద కుడి హెడ్‌లైట్ వస్తూ పోతూ ఉండటం మొదలైంది. బానెట్ మీద గట్టిగా తడితే వెలిగేది. భియా అట్లనే తట్టుకుంటూ నాలుగు ట్రిప్పులు నడిపిండు. ఒంటి కన్నుతో వచ్చే కారు ఎదురు లారీకి బైకులాగ కనపడుతుంది. అందులోనూ మన దేశంలో ఎడమ వైపు నడుపుతం కదా, కుడి లైటు పోయిందంటే రోడ్డు మధ్యవైపు మన బండి అంచు ఎక్కడుందో వాడికి అస్సలు తెల్వదు. ఎడమ లైటు పోవడం కంటే ఇదే ఎక్కువ ప్రమాదం. బండిలో యాడి ఉంటది.

దగ్గర్లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే రెండు నిమిషాలు చూసి, "వైరింగ్ మొత్తం మార్చాలె, ఎనిమిది వేలు అయితది, లేకుంటే ఎల్‌ఈడీ వేసుకో" అన్నడు. భియా అయితే బండి అమ్మేద్దాం అన్నడు. ఒక్క ఆదివారం ఆగు భియా అని నేనే ఒప్పించిన.

విప్పి చూస్తే సంగతి అర్థమైంది. ఈ కార్లలో ఉండేది హెచ్4 బల్బు. 1971లో వచ్చిన డిజైన్ అది, ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, వెనక మూడు పిన్నులు: ఒకటి లో బీమ్‌కు, ఒకటి హై బీమ్‌కు, మూడోది రెండింటికీ కామన్. ఆ పిన్నులకు తగిలించే ప్లాస్టిక్ హోల్డర్‌లో కామన్ పిన్ను రంధ్రం నల్లగా కాలి, కరిగి వంకర పోయింది. ఏ బీమ్ వేసినా కరెంటు దాని గుండానే పోవాలె కాబట్టి ముందు కాలేది సాధారణంగా అదే. లోపలి ఇత్తడి క్లిప్పు నలుపు తిరిగి స్ప్రింగ్ పోగొట్టుకుంది. బల్బు చూస్తే 100/90 వాట్లది. కంపెనీ ఇచ్చేది 60/55. ముందటి ఓనర్ వెలుతురు ఎక్కువ రావాలని వేసిండు.

ఇక్కడ పదో తరగతి ఫిజిక్స్ గుర్తు చేసుకోండి. గురుకులంలో మనం బట్టీ పట్టిన పాఠమే: కరెంటు వల్ల పుట్టే వేడి కరెంటు వర్గానికి, రెసిస్టెన్స్‌కు అనుపాతంలో ఉంటుంది. జౌల్ 1841లో అచ్చు వేయించిన మాట అది. 55 వాట్ల లో బీమ్ 12 వోల్టుల మీద దాదాపు 4.6 ఆంపియర్లు తీసుకుంటే 90 వాట్లది 7.5 తీసుకుంటుంది. కరెంటు ఒకటిన్నర రెట్లు కంటే కొంచెం ఎక్కువ, జాయింట్ దగ్గర వేడి మాత్రం రెండున్నర రెట్లు పైనే. వేడికి క్లిప్పు సడలుతది, సడలితే రెసిస్టెన్స్ పెరుగుతది, మళ్లీ వేడి పెరుగుతది.

నా మీటర్‌తో కొలిచిన. ఇంజిన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు పిన్ను దగ్గర 12.2. మధ్యలో పోయిన 1.6లో 1.1 వోల్టు ఒక్క ఆ హోల్డర్ జాయింట్ దగ్గరే పోతున్నది. 7 ఆంపియర్లతో గుణిస్తే దాదాపు 8 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటది. దాంట్ల మూడో వంతు వేడి, గోరంత జాగాలో, గంటల తరబడి. ఇంకో ముచ్చట: హాలోజన్ బల్బు వెలుతురు వోల్టేజ్ కంటే చాలా వేగంగా పడిపోతది. ఈ లెక్కన వెలుతురు మూడో వంతు పోయినట్టే. పెద్ద బల్బు వేసిన లాభంలో చాలా భాగం హోల్డర్‌ను కాల్చడానికే ఖర్చైంది.

భియా అడిగిన ప్రశ్న మంచిది: "ఇంత కాలితే ఫ్యూజు ఎందుకు పోలేదు?" ఫ్యూజు కరెంటు ఎక్కువైతేనే పోతది. జాయింట్ పాడైతే రెసిస్టెన్స్ పెరిగి కరెంటు ఇంకా తగ్గుతది. ఫ్యూజుకు అంతా బాగున్నట్టే కనిపిస్తది, పక్కన ప్లాస్టిక్ కరుగుతుంటది. నేను హైటెక్ సిటీలో ఒక బిల్డింగ్ ఎలక్ట్రికల్ ప్యానెళ్లు చూసే పని చేస్త. అక్కడ థర్మల్ కెమెరాతో బస్‌బార్ జాయింట్లు స్కాన్ చేసేది కూడా దీనికే. లూజైన బోల్టును బ్రేకర్ పట్టుకోదు, కెమెరా పడుతది.

ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి రాణిగంజ్ పోయిన. రెండు సిరామిక్ హోల్డర్లు, రెండు 60/55 బల్బులు, క్రింపింగ్ జాయింట్లు, హీట్ ష్రింక్ స్లీవ్ తెచ్చిన. మొత్తం కలిపి వెయ్యి కూడా కాలేదు. హోల్డర్ కొనేటప్పుడు దానికి వచ్చే వైరు మందం చూడండి. కొన్నిటికి వెంట్రుకలాంటి వైరు ఉంటది, అది వద్దు.

పని చేసేటప్పుడు ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలె, బల్బు చల్లారాలె. మూడు వైర్లలో ఏది ఏదో గుర్తు పెట్టుకున్నంకనే కత్తిరించాలె. అన్ని కార్లలో రంగులు, కనెక్షన్ ఒకేలా ఉండవు. అసలు కిటుకు కత్తిరించే చోట ఉంది. వేడికి రాగి లోపల్లోపల నల్లబడి ఉంటది. మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోసుకుంటూ పోవాలె. నాకు రెండు అంగుళాలు పోయింది. నల్ల రాగి మీద ఎంత మంచి హోల్డర్ వేసినా మళ్లీ కాలేది ఆ జాయింటే. రోడ్డు పక్కన చేసినట్టు వైర్లు మెలిపెట్టి టేప్ చుట్టొద్దు, వేడికి టేప్ జిగురు కారిపోతది. సరైన ప్లయర్‌తో క్రింప్ చేసి, లాగి చూసి, స్లీవ్ ఎక్కించాలె. బల్బు గాజును చేత్తో ముట్టొద్దు, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. వెనకాల రబ్బరు కప్పు కచ్చితంగా పెట్టాలె, లేకుంటే మన వానకు లోపల తుప్పే.

ఎడమ దాన్ని కూడా మార్చిన. అదీ అప్పటికే గోధుమ రంగు తిరిగింది. ఇప్పుడు బ్యాటరీకి, బల్బుకు మధ్య తేడా 0.4 వోల్టు.

ఎల్‌ఈడీ సంగతి ఏందని చాలామంది అడుగుతరు. అది కరెంటు తక్కువ తింటది, హోల్డర్ కాలదు, నిజమే. కానీ ఆ రిఫ్లెక్టర్ ఫిలమెంట్ ఉండే చోటును బట్టి తయారైంది. చవక ఎల్‌ఈడీ వేస్తే వెలుతురు చెదిరి ఎదుటివాడి కండ్లల్ల పడుతది. మన తండా రోడ్లల్ల ఎదురొచ్చేది ఎక్కువగా మనోళ్ల బైకులే. నాకైతే వేయబుద్ధి కాలేదు. ఇంకా వెలుతురు కావాలంటే రిలే పెట్టుకోవచ్చు: బ్యాటరీ నుంచి మందపు వైరు, దాని మొదట్లోనే ఫ్యూజు, రిలే గుండా బల్బుకు. స్టీరింగ్ పక్కన స్విచ్ మీద భారం దాదాపు ఉండదు. అది నేనింకా పెట్టలేదు, సంక్రాంతికి ఊరికి పోయేలోపు చేయాలె.

ఎలక్ట్రీషియన్‌ను తప్పుపడుతలేను. ఆయనకు రోజుకు పది బండ్లు, హోల్డర్ ఒక్కటి మారిస్తే ఆయనకు మిగిలేదేమీ లేదు. మనకు మాత్రం ఆ ఏడు వేలు యాడి మందులకు రెండు నెలలు వస్తయి.

హఫీజ్‌పేట్, మియాపూర్, కొండాపూర్ వైపు ఉండే మనోళ్ల దగ్గర పాత ఆల్టో, 800, వ్యాగన్ఆర్ ఏది ఉన్నా ఒక పని చేయండి. రాత్రి గంట సేపు నడిపినంక ఇంజిన్ ఆపి, లైట్లు ఆర్పి, హోల్డర్ వెనక ప్లాస్టిక్‌కు వేలు దగ్గర పెట్టి చూడండి, బల్బును మాత్రం ముట్టొద్దు. కాలిన వాసన వచ్చినా, రంగు మారినా కామెంట్‌లో పెట్టండి. ఆదివారాలు నేను గదిలోనే ఉంట, మీటరు, క్రింపింగ్ ప్లయర్ నా దగ్గర ఉన్నయి. హోల్డర్లు మాత్రం మీరే తెచ్చుకోవాలె.