ఎర్ర గోలీల ముచ్చట

ఏఎన్ఎంగా నా పనిలో గర్భిణికి బీపీ చూడటం, బరువు తూయడం, టీడీ ఇంజక్షన్ వేయడం తొందరగానే అయిపోతాయి. ఎక్కువసేపు పట్టేది ఎర్ర గోలీల ముచ్చటే. ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన ఈ గోలీలు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. ఉచితంగానే ఇస్తాం. వద్దన్న ఇల్లు లేదు. తంటా అంతా మింగే దగ్గరే.

మాది పాలమూరు వైపు పల్లె. "గోలీలు ఏస్కుంటున్నవా?" అంటే "ఆఁ, ఏస్కుంటున్న నర్సమ్మా" అననివాళ్లు ఉండరు. ఆ మాట పట్టుకుని రిజిస్టర్‌లో రాయను. అట్టలు తెమ్మంటాను. ఏడో నెల పడిన ఒక పిల్ల గూట్లోంచి మూడు అట్టలు తెచ్చింది. ఒకదాంట్లో నాలుగు గోలీలు లేవు, మిగతావి విప్పనే లేదు. ఎందుకు మానేశావంటే తల వంచుకుంది. అత్త పెరట్లోకి పోయాక మెల్లగా చెప్పింది: "దొడ్డికి నల్లగ వస్తున్నదక్కా. కడుపుల ఏమన్న పాడైందేమోనని బుగులైంది."

ఒంటికి పట్టగా మిగిలిన ఐరన్ బయటికి పోయేటప్పుడు అట్లాగే నల్లగా ఉంటుంది. దానితో ఏ హానీ లేదు. ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పక, అంత కీలకమైన నెలల్లో ఆమె గోలీలు లేకుండా గడిపింది. అందుకే అట్ట చేతిలో పెట్టేటప్పుడే ఈ సంగతి చెప్పమని మా ఆశా కార్యకర్తలకు పదే పదే చెప్తుంటాను.

ఇక అత్తల భయాలు వేరు. గోలీలు మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందనీ, నల్లగా పుడతాడనీ అంటారు. వాళ్లతో వాదన పెట్టుకోను, పక్కన కూర్చుని చెప్తాను. బిడ్డ రంగుకూ గోలీకీ సంబంధం లేదు. తల్లికి రక్తం తక్కువైతేనే బిడ్డ నెలలు నిండకముందే, బరువు తక్కువగా పుట్టే ప్రమాదం.

వాంతి వచ్చినట్టు ఉందంటే పరగడుపున వద్దు, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంటాను. గోలీకి ముందూ వెనకా గంట దాకా చాయ్ తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరికాయ మంచివి. కాల్షియం గోలీ దీనితో కలిపి మింగకూడదు, అది పొద్దున తిన్నాక.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాలి. 7కి దిగితే పెద్ద దవాఖానాకు పంపాల్సిందే. కాన్పులో అర లీటరు రక్తం పోయినా 12 ఉన్న తల్లి సాధారణంగా తట్టుకుంటుంది. 7 ఉన్న తల్లికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. వాళ్లలో చాలామంది పెళ్లికి ముందు నుంచే రక్తం తక్కువున్న ఆడపిల్లలు. బడుల్లో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ గోలీని తేలిగ్గా తీసుకోవద్దని నేను గట్టిగా అనేది అందుకే.

మా దగ్గర ఇంకో కష్టం వలస. పంట చేతికొచ్చాక పుణె, ముంబై వైపు కూలికి పోతారు, కడుపుతో ఉన్నవాళ్లు కూడా. కాన్పుకని తల్లిగారింటికి తొమ్మిదో నెలలో వస్తారు, అప్పుడు చూస్తే 8 గ్రాములు. అప్పటికి గోలీలకు వ్యవధి లేదు, ఐరన్ ఇంజక్షన్లకైనా కొన్ని వారాలు పడుతుంది. అందుకే బయల్దేరే ముందే గోలీలు మూటగట్టి ఇస్తాను. తల్లీబిడ్డల కార్డు బట్టల అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకోమంటాను. ఎక్కడున్నా ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానాలో గర్భిణులను డాక్టర్ ఉచితంగా చూడాలి. ఇది 2016 నుంచి దేశమంతటా ఉన్న ఏర్పాటు. వేరే రాష్ట్రం కార్డని తిప్పి పంపారని ఒకామె చెప్పినప్పుడు నా కడుపు మండిపోయింది. కార్డు ఏ ఊరిదైనా చూడాల్సిందే.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఇవాళ రాత్రి అన్నాలయ్యాక ఆమె అట్ట ఒకసారి చూడండి. కార్డులో హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే తొమ్మిదో నెల దాకా ఆగొద్దు. రేపే మీ ఏఎన్ఎంను కలవండి.