బయోడేటా కింది సంతకం

చదువు ముగించి ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్న బిడ్డలు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. వారికీ, వారి తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని మా ఇంట జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఉంది. దాన్ని దాచను.

మా పెద్దమ్మాయి 2021లో మూడేళ్ల జి.ఎన్.ఎం. నర్సింగు కోర్సు పూర్తి చేసింది. ఉద్యోగంలో చేరదామనుకునే సమయానికి మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. మా వారు పొలం పనులకు, నేను అంగన్‌వాడీకి వెళ్లకపోతే ఇల్లు గడవదు. అందుచేత అమ్మాయే రెండేళ్లు ఇంటిపట్టున ఉండి నాయనమ్మకు సేవ చేసింది. 2023లో అత్తగారు ప్రభువునందు నిద్రించారు. అమ్మాయి చదువు కోసం డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు అప్పటికి ఇంకా తీరలేదు.

పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి స్టాఫ్ నర్సులు కావాలని తెలిసి, బయోడేటా టైపు చేయించడానికి ఒక నెట్ సెంటరుకు వెళ్లాము. అక్కడి అబ్బాయి వివరాలన్నీ అడిగి, "రెండేళ్లు ఖాళీ అంటే ఎవరూ పిలవరండీ. ఏదో నర్సింగ్ హోములో చేసినట్టు రాసేద్దాం. సర్టిఫికెట్టు కూడా ఇప్పిస్తాను" అన్నాడు. అమ్మాయి నా ముఖం వైపు చూసింది. "రాయి బాబూ" అన్నాను. ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునే నా నోటనే ఆ మాట వచ్చింది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక అమ్మాయి ఆ కాగితం తెచ్చి, ఇంగ్లీషులో ఉన్న చివరి వరుసను తెలుగులో చెప్పింది. పైన రాసిన వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నానని అందులో ఉంది. "అమ్మా, దీని కింద నన్ను సంతకం పెట్టమంటావా?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. అప్పు కట్టేది నేను కదా అని కోపం కూడా వచ్చింది. కానీ నిద్ర పట్టలేదు. సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పేటప్పుడు లేనిది కల్పించి చెప్పము. ఈ కాగితం కూడా ఒక సాక్ష్యమే గదా అనిపించింది.

మర్నాడు మా సంఘంలోని నర్సమ్మగారి దగ్గరకు వెళ్లాము. ఆమె మిషను ఆసుపత్రిలో ఎన్నో ఏళ్లు పనిచేసి, కొత్త నర్సులను ఎంపిక చేసిన మనిషి. కాగితం చదివి, "అమ్మా, ఈ అబద్ధం నమ్మి మొదటి రాత్రే ఈ పిల్లను వార్డులో ఒంటరిగా వదిలితే, ఆ రోగుల గతి ఏమిటి?" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆమె మళ్లీ, "ఇందులో అబద్ధం ఒకటే. రాయవలసిన నిజాలు మాత్రం చాలా విడిచిపెట్టారు" అంటూ కలం తీశారు.

పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మార్కుల మెమోలో ఉన్నట్టే ఉండాలన్నారు. బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు రాస్తే సర్టిఫికెట్లతో సరిపోక చిక్కులొస్తాయట. ఎవరిదో చూసి ఎక్కించిన "నా ఆశయం" కొట్టేసి, ఏ ఉద్యోగం కోరుతున్నదో ఒక్క వాక్యంలో రాయించారు. చదువులలో చివరిది ముందు రావాలి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వివరం తప్పక ఉండాలి. ఆధార్ నంబరు, కులం ఇక్కడ అక్కర్లేదు.

"కష్టపడి పనిచేస్తాను అని అందరూ రాస్తారు. నువ్వు చేసిన పని రాయి" అన్నారు. శిక్షణలో ఏయే వార్డులలో ఎన్ని వారాలు చేసిందో, ఏ పనులు స్వయంగా చేసిందో అమ్మాయి చెప్తూ ఉంటే, నేనే ఆశ్చర్యపోయాను. ఆ రెండేళ్ల గురించి కూడా ఉన్నదే రాయించారు: పక్షవాతం వచ్చిన నాయనమ్మకు ఇంటి దగ్గర సేవ. అది ఉద్యోగమని రాయలేదు, ఖాళీ అనీ రాయలేదు. అంతా ఒక్క పేజీలో సరిపోయింది. మన గురించి అడిగితే చెప్పగలవారి పేర్లు ఇచ్చేముందు వారి అనుమతి అడగాలని కూడా చెప్పారు.

తరువాత రోమా పత్రిక 16వ అధ్యాయం తీశారు. పౌలు అక్కడ ఫీబే అనే సహోదరిని రోమా సంఘానికి పరిచయం చేస్తాడు. ఆమె ఎవరు, ఏ సంఘంలో సేవ చేస్తున్నది, ఎవరెవరికి సహాయపడింది, ఆమెకు ఏమి చేయాలి అన్నది రెండే వచనాలలో చెప్పాడు. పెద్ద పొగడ్తలు లేవు. ఆమె చేసిన పని ఉంది, చాలు.

ఆ మొదటి ఆసుపత్రివారు పిలవలేదు. ఆ వారమంతా, నెట్ సెంటరు అబ్బాయి మాటే నిజమేమో అని నా మనసు ఊగిసలాడింది. మూడు నెలలకు మరొక ఆసుపత్రినుండి పిలుపు వచ్చింది. అక్కడ మేట్రనుగారు ఆ రెండేళ్ల గురించే అడిగారట. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, ట్యూబు ద్వారా ఆహారం పట్టడం, బి.పి. చూసి రాసిపెట్టడం, అన్నీ అమ్మాయి తడబడకుండా చెప్పింది. కొత్తవారి కింద తీసుకున్నారు. అనుభవం ఉన్నవారికంటే జీతం తక్కువే. కానీ కొత్తదని వారికి తెలుసు గనుక, మొదటి నెలల్లో రాత్రి డ్యూటీలకు ఒక సీనియరు సిస్టరుగారు పక్కనే ఉండి నేర్పారు. అప్పు మెల్లమెల్లగా తీరింది.

నిజం రాసిన ప్రతివారికీ వెంటనే ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. తల్లిదండ్రులారా, ఒక్క మాట. మీ బిడ్డ తన బయోడేటా కింద సంతకం పెట్టేముందు, కుటుంబ ప్రార్థన వేళ దాన్ని పైనుంచి కిందివరకు బయటికి చదివించండి. ప్రభువు సన్నిధిని చదవలేని వరుస ఉంటే కొట్టివేయండి. బిడ్డ మొహమాటపడి విడిచిపెట్టిన మంచి పని ఏదైనా ఉంటే, దాన్ని మీరే గుర్తుచేసి రాయించండి. ప్రభువు మన బిడ్డలందరికీ తోడైయుండును గాక. ఆమేన్.