చిన్నోడి కాల్లో ప్లేటు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

కవాడిగూడలో మేం నలుగురం ఒకే రూమ్‌లో ఉంటున్నాం. ఇందిరా పార్క్ పక్కనుంచి అశోక్‌నగర్ కోచింగ్‌కి, అక్కడినుంచి చిక్కడపల్లి లైబ్రరీకి, అంతా నడకే. మాలో చిన్నోడికి ఆ నడక కష్టం. ఉట్నూర్ దగ్గర బండి మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగితే స్టీల్ ప్లేటు వేశారు. ఎముక అతికింది కానీ చలికాలం వస్తే ఒకటే సలుపు. ప్లేటు అందరికీ తీయాల్సిన పనిలేదట, వీడికి మాత్రం తీసేద్దామన్నారు డాక్టర్. అంటే మళ్లీ ఆపరేషన్, మళ్లీ మంచం, వాళ్ల నాయన పత్తి చేను వదిలి పట్నం రావడం.

"అదేదో కరిగిపోయేది వేస్తే అయిపోయేది కదన్నా" అన్నాడు ఒక రాత్రి. నవ్వాం. తర్వాత లైబ్రరీలో వెతికితే, అట్లాంటిది నిజంగానే ఉంది.

కథ పాతదే. 1900ల తొలి ఏళ్లలో బెల్జియం సర్జన్ లాంబోట్ విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు పెట్టి ఉక్కు మేకులతో బిగించాడు. ఎనిమిది రోజులకే ప్లేటు చెడిపోయింది, చర్మం కింద గ్యాస్ ఉబ్బింది. మన ఒంట్లో ఉండేది ఉప్పునీళ్లే కదా. అందులో రెండు లోహాలు తాకుతూ ఉంటే బ్యాటరీ అయిపోతుంది, బలహీనమైనది ముందు కరుగుతుంది. ఒక్క గ్రాము మెగ్నీషియం కరిగితే దాదాపు లీటరు హైడ్రోజన్ వస్తుంది.

ఇనుముది ఉల్టా కథ. ఏళ్లు గడిచినా పోదు, పైగా ఎమ్మారై మెషిన్‌తో తంటా. ఈ రెంటికీ మధ్య దారి మన హైదరాబాద్‌లోనే వెతికారు. బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి ఇనుము-మాంగనీస్ మిశ్రమం చేసింది. మాంగనీస్ 29 శాతం దాటితే అది అయస్కాంతానికి లొంగదు. శరీర ద్రవంలాంటి ద్రావణంలో పరీక్షించి, 3 నుంచి 6 నెలలు బలం నిలుస్తుందని, 12 నుంచి 24 నెలల్లో కరిగిపోతుందని 2020లో చెప్పారు. రూమ్‌లో పండగే అనుకోండి.

కానీ ఇంకా చదివితే మాకు భయం వేసింది, పగుళ్ల దగ్గర. తుప్పు అన్నిచోట్లా సమానంగా తినదు. ఒకచోట చిన్న గుంట పడుతుంది. బరువంతా ఆ గుంట అంచునే లాగుతుంది. వెంట్రుకంత పగులు మొదలై, ఉప్పునీళ్లు లోపలికి దిగి, మామూలుగా తట్టుకునే బరువుకే టక్కున విరుగుతుంది. మెగ్నీషియంలో అయితే ఆ హైడ్రోజనే లోహంలోకి దూరి పెళుసు చేస్తుంది. దీన్ని స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్ అంటారు. అడుగు అడుగుకీ బరువు పడుతూ లేస్తూ ఉంటే వచ్చేది కొరోజన్ ఫెటీగ్, తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టు. కాబట్టి ఎన్ని నెలల్లో కరుగుతుందన్న లెక్క ఒక్కటే చాలదు. ఎముక అతికేదాకా పగలకుండా ఉండాలి.

మరి మనోళ్లు? కట్టు విప్పిన వారానికే చేన్లో దిగుతారు. ఎక్స్‌రే తీయించాలంటే బస్సు మీద బస్సు. లోపల పగులొచ్చినా చూసేదెవరు? చిన్నోడు కూడా కర్ర పారేసి నడిచిన రకమే, అడిగితే నవ్వుతాడు. వాడికి అప్పుడు స్టీల్ వేయడమే నయమైందని మాకు ఇప్పుడనిపిస్తోంది.

ఆపరేషన్ వచ్చే నెలలో. నాయన్ని రావద్దన్నాం, వంతులవారీగా మేమే ఉంటాం, నోట్సు అక్కడే చదువుకుంటాం. తీసిన ప్లేటు ఇస్తే రూమ్‌కి తెస్తానంటున్నాడు, ఎక్కడైనా గుంట పడిందేమో చూద్దామని.