పైపుల పళ్ళెం

పొగ తాగనివాడు పైపుల గురించి వ్రాయడం, ఈత రానివాడు ఏటి లోతు చెప్పడం లాంటిదని మిత్రులెవరైనా ఆక్షేపించవచ్చు. నేను చెప్పబోయేది పొగ గురించి కాదు, ఒక చెక్క గురించి. కాకపోతే ఆ చెక్క వచ్చిన చోటూ, చేరిన చోటూ రెండూ పొగాకుతో ముడిపడినవే కావడం చేత పొగను పూర్తిగా తప్పించడం సాధ్యపడలేదు.

సిగరెట్టు తాగేవాడికి ఒక పెట్టె, ఒక అగ్గిపెట్టె ఉంటే చాలు. చుట్ట తాగేవాడికి ఆ పెట్టె కూడా అక్కర్లేదు, చెవి సందు సరిపోతుంది. పైపు తాగేవాడి సంసారం అలాంటిది కాదు. అతనికి పైపు ఒకటి ఉంటే చాలదు. ఒకసారి కాల్చిన పైపు లోపలి చెమ్మ ఆరడానికి కనీసం ఒక రోజయినా దానికి విశ్రాంతి ఇవ్వాలని వారి నియమం. ఆకు తురుము ఉంచుకునే సంచీ కావాలి. కాలుతున్న తురుమును పైనుంచి మెల్లగా అదమడానికి ట్యాంపర్ అనే చిన్న పనిముట్టు కావాలి. గొట్టంలోని మసిని లాగడానికి నూలు చుట్టిన తీగలు, గిన్నె లోపలి పెచ్చును గీరడానికి మొద్దు చాకు, చివరికి బూడిద దులపడానికి ఒక పాత్ర, ఆ పాత్ర నడుమ బెండు బుడిపె ఒకటి. పైపును లోహానికేసి కొడితే పగులుతుంది గనుక ఆ బుడిపె. ఇన్నింటినీ ఒక చోట సర్దడానికి పళ్ళెం. ఆలోచిస్తే ఇది మన తాంబూలపు పళ్ళేనికి దూరపు చుట్టమే. ఆకులు, వక్కలు, సున్నపు కాయ, అడకత్తెర పెట్టుకుని మా తాతమ్మ ఎంత సేపు కూర్చునేదో, పైపు సర్దుకునేవారూ అంత సేపు కూర్చుంటారు. నమలడం, పీల్చడం ఆ తరువాతి సంగతులు.

మా మావయ్యగారు, అంటే మా ఆవిడ తండ్రిగారు, వాణిజ్య నౌకలలో ఇంజనీరుగా పనిచేసి విశాఖపట్నంలో విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇంజను గదిలో నాలుగేసి గంటల కాపలా ముగించి డెక్కు మీదికి వచ్చాక తాగడం ఆయనకు అలవాటయిందట. ఆయన దగ్గర అయిదు పైపులున్నాయి. మూడు బ్రయర్‌వి. బ్రయర్ అనేది మధ్యధరా సముద్రపు తీరాలలో పెరిగే పొద. దాని కాండానికీ వేరుకీ నడుమ ఊరే బుడిపెను కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి పైపులు చెక్కుతారు. అంత నిప్పునూ కాలకుండా భరించే కర్ర మరొకటి అరుదు. నాలుగోది మొక్కజొన్న కండెతో చేసినది, అమెరికా సరకు. అయిదోది తుర్కియేలో దొరికే మీర్‌షామ్ అనే తెల్లని మెత్తటి ఖనిజంతో చెక్కినది. జర్మను భాషలో ఆ మాటకు సముద్రపు నురుగు అని అర్థం. కొన్నప్పుడు పాలలా ఉండేదట, ఇప్పుడు కాచిన నేతి రంగుకు వచ్చింది. సముద్రం మీద బ్రతికినవారి దగ్గర ఆ పేరు గల వస్తువు ఉండడం నాకు ముచ్చటగా తోచింది.

నాకు వడ్రంగం అభిరుచి అని తెలిసి ఆయన అడిగారు. "అల్లుడుగారూ, ఈ అయిదింటికీ చోటుండేలా ఒక పళ్ళెం చేసిపెట్టండి. కొన్నది వద్దు, మీరు చేసినదే కావాలి."

అడిగిన సమయమే చిక్కు తెచ్చింది. అంతకు నెల క్రితమే డాక్టరుగారు మావయ్యగారి బుగ్గ లోపలి వైపున ఒక తెల్ల మచ్చను చూసి, ముక్క తీయించి పరీక్ష చేయించారు. ప్రమాదకరమైనది కాదని తేలింది. ఇక మీదట కాకూడదంటే పైపు మానాలని కూడా చెప్పారు. పైపు పొగను గుండెల్లోకి పీల్చరు కనుక హాని లేదని మావయ్యగారి వాదం. పీల్చకపోయినా పొగ తిరిగేది నోట్లోనే. పెదవికీ, నాలుకకూ, గొంతుకూ వచ్చే క్యాన్సర్లు ఆ వాదాన్ని ఖాతరు చేయవు. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది: "పళ్ళెం చేసి ఇవ్వడమంటే తాగమని చెప్పడమేనండీ."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. సమాధానం లేకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. నేను పొగాకు రైతు కొడుకును.

మాది ప్రకాశం జిల్లా. గుంటూరు సీమలో 1920ల నాటికే వేళ్ళూనిన వర్జీనియా పొగాకు మా తాతగారి కాలానికి మా ఊరికీ వచ్చింది. సంక్రాంతి వెళ్ళిన దగ్గర నుంచి ఊరి చుట్టూ బ్యారన్లు రాజుకునేవి. బ్యారన్ చూడని వారి కోసం చెబుతాను: కిటికీలు దాదాపు లేని ఎత్తైన గది అది. బయట కొలిమి, లోపల నేల మీద రేకు గొట్టాలు, పైన అంతస్తులుగా దూలాలు. కర్రలకు గుచ్చిన పచ్చి ఆకును ఆ దూలాల మీద వేలాడదీసి తలుపు మూస్తారు. పొగ ఆకుకు తగలదు. గొట్టాల వేడి మాత్రమే తగులుతుంది. మొదట 95, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకు పండాలి. తరువాత మెల్లగా వేడి పెంచుతూ రంగును కట్టేయాలి. ఆఖరున నడిమి ఈనె ఎండడానికి 160 దాకా తీసుకుపోవాలి. తొందరపడితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, ఆలస్యం చేస్తే గోధుమరంగు పడుతుంది. అయిదారు రోజుల పాటు ఈ లెక్క అంతా మా నాన్న తలలో నడిచేది. రాత్రిళ్ళు కొలిమి పక్కనే నులక మంచం వేసుకుని, గంట గంటకూ లేచి లాంతరు వెలుగులో ఉష్ణమాపకం చూసేవాడు. కిలో ఆకు ఆరడానికి అంతకు కొన్ని రెట్లు కట్టెలు కాలేవి. ఊరి చుట్టుపక్కల చెట్లు ఏమైపోయాయని ఇప్పుడు అడిగేవారికి ఆ కొలిమిని చూపించవచ్చు.

నాన్న ఏనాడూ పొగ తాగలేదు. చేతులకంటిన నల్లటి బంక మాత్రం నాలుగు నెలల పాటు సబ్బుకు లొంగేది కాదు. నిమ్మపండు రంగు తేలిన ఆకును ఆయన వేలి కొసలతో తడిమి చూసే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆ ఆకు వేలం వేదిక దాటాక ఏ ఓడ ఎక్కి ఏ దేశం వెళ్ళేదో, ఎవరి పెదవుల నడుమ బూడిదయ్యేదో ఆయనకు తెలియదు, అడిగినట్లు కూడా గుర్తు లేదు. ఆ ఆకు నాకు కాలేజీ ఫీజు కట్టింది. గుమ్మంలో పొగవాసన వస్తే ముఖం చిట్లించే నేను, ఆ ఫీజును మాత్రం ఎన్నడూ వెనక్కి ఇవ్వలేదు.

2000-01లో పొగాకు బోర్డు ఆంధ్రప్రదేశ్‌లో పంట విరామం ప్రకటించింది. ఆ ఏడు ఆరిన మా కొలిమి మళ్ళీ రాజలేదు. నాన్న శనగకు మారాడు. ఆ తరువాత ఆయనా పోయాడు. బ్యారన్ గోడలు వానకు కరిగాయి. తలుపు మాత్రం పశువుల పాకలో నిలబెట్టి ఉంది. మా గట్టు మీది వేపచెట్టునే కోయించి ఊరి వడ్రంగి చేత చేయించిన తలుపది. ఆరంగుళాల వెడల్పు నిలువు చెక్కలు అయిదు, వెనుక అడ్డపట్టీలు, నాణెమంత తలలున్న మేకులు. క్రిందటి వేసవిలో ఊరు వెళ్ళినప్పుడు దానిని విశాఖకు తెచ్చుకున్నాను, ఎందుకో అప్పటికి నిర్ణయించుకోకుండానే.

ఇక పని సంగతి. వేప మన ఇళ్ళలో దూలమై, ద్వారబంధమై కనిపిస్తుంది గాని సన్నపనికి దానిని తీసుకునేవారు తక్కువ. చెదలు దరిచేరవు, అది దాని గొప్ప. మహాగని కుటుంబానికి చెందిన చెట్టే, చేవ కూడా అలాగే ఎర్రగా ఉంటుంది. దాని నార మాత్రం ఒక వరుస ఇటు, ఒక వరుస అటు వాలి ఉంటుంది. చిత్రిక ఒక వైపు నున్నగా పోతే పక్క వరుసలో పెచ్చులు లేపుతుంది. అందుచేత కత్తిని వెంట్రుక మందాన దించి అడ్డంగా చిత్రిక పట్టి, ఆ పైన పలుచని ఉక్కు రేకుతో గీరుతూ పోవాలి. పొడి గొంతులో దిగితే రోజంతా చేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని చేశాను. మొదటి పొర లేచినప్పుడు వచ్చిన వాసన వేపది కాదు. తేనె, ఎండుగడ్డి, వేడి మట్టి కలిసిన ఆ వాసన ఏమిటో మా ఊరి వాళ్ళెవరినైనా కళ్ళకు గంతలు కట్టి అడిగినా చెబుతారు. రెండు మూడు పొరల తరువాత అది పోయింది. ఇంకా చెక్క మిగలాలి కాబట్టి నేను ఆగలేదు గాని, కాసేపు పనిముట్టు పక్కన పెట్టిన మాట నిజం.

ఒక చెక్క నుంచి పదిహేనంగుళాల ముక్కలు రెండు కోసి, అంచుల నడుమ వెలుతురు దూరకుండా జతపరిచి, జిగురు పూసి ఒక రాత్రి బిగించి ఉంచాను. మరునాటికి పదకొండంగుళాల వెడల్పు పలక తయారయింది. మేకులు పీకిన చోట తుప్పు దిగి నల్లటి మచ్చలు పడి ఉన్నాయి. వాటిని తీసేయాలంటే సగం మందం పోతుంది. ఉంచేశాను. ఉంచాక చూస్తే అవే పలకకు బొట్లలా అమరాయి. ఎడమ వైపు తీగలకూ చాకుకూ ఏడంగుళాల గాడి, కుడి వైపు పొగాకు సంచీకీ అగ్గిపెట్టెకూ చదరపు పల్లాలు గుండ్రటి ఉలితో తొలిచాను. నడుమ ఇత్తడి గిన్నె కూర్చునేలా అరంగుళం లోతు గుండ్రటి గుంట. నిప్పు ఉన్న బూడిద చెక్కను తాకకూడదు కనుక గిన్నె తప్పదు. సీసా బిరడాను కోసి ఆ గిన్నెలో బుడిపెగా అతికించాను.

ట్యాంపర్ కోసం వేరే వెతకలేదు. తలుపు మేకులలో వంగనిదాన్ని ఒకటి ఎంచి, తుప్పు గీకి, మొన అరగదీసి, తలను ఆకురాయితో చదును చేశాను. వెడల్పు తల తురుమును అదమడానికీ, సన్నని కొస కదపడానికీ చక్కగా కుదిరింది. పడమటి దేశాలవారు అచ్చంగా మేకు ఆకారంలోనే ట్యాంపర్లు చేసి అమ్ముతారని తరువాత మావయ్యగారే చెప్పారు.

ఆఖరున అవిసెనూనె మూడు పూతలు, పూతకూ పూతకూ నడుమ రెండు రోజులు. వేప మెరుగు త్వరగా పట్టదు. తేనెమైనం రాసి గుడ్డతో చేయి నొప్పెట్టేదాకా రుద్దాలి. వడ్రంగం కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక హెచ్చరిక: అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. గాలికి ఆరుతూ అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. విప్పి పరిచి ఆరబెట్టాలి.

పైపుల గుంటల మాట ఇంతవరకు ఎత్తలేదు. అయిదింటికి చోటు అడిగారు. పలక మీద పెన్సిలుతో అయిదూ గీసి చూశాను కూడా, సులువుగానే పట్టాయి. వారం రోజులు ఆ గీతలు అలాగే ఉన్నాయి. ఒక పైపును రోజుకు ఒకసారే కాల్చాలన్న వారి నియమం అప్పుడు గుర్తుకొచ్చింది. అయిదు గుంటలంటే రోజుకు అయిదు. ఉప్పుకాగితంతో నాలుగు గీతలు చెరిపి, ఒక్క గుంట తొలిచాను. గిన్నె కూర్చునే పల్లం, గొట్టం వాలే వాలు, ఈ రెండింటినీ మిగతా పళ్ళెం మొత్తం కన్న శ్రద్ధగా చేశాను. ఎందుకు ఒకటే అని ఎవరైనా అడిగితే చోటు చాలలేదనే అబద్ధం చెప్పే అవకాశం లేకుండా, పక్కన అంత మేరా ఖాళీగా వదిలాను.

పళ్ళెం చేతికిచ్చిన రోజున మావయ్యగారు దాన్ని వెలుగులోకి తిప్పి, మేకు మచ్చలను వేలితో తడిమి, బోర్లించి అడుగు చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టారు. బ్యారన్ తలుపు సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"మిగతా నలుగురూ ఎక్కడ పడుకోవాలి అల్లుడుగారూ?"

"వాళ్ళు ఓడ దిగారు మావయ్యగారూ. పెన్షను మీద ఉన్నారు."

ఆయన నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. మావయ్యగారు మానలేదు. సాయంత్రం సముద్రం వైపు వరండాలో ఒకసారి, ఒక్కసారే, పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు. ఆయన వెలిగించడం కన్న సర్దుకోవడానికే ఎక్కువ సేపు తీసుకుంటున్నారని అత్తయ్యగారు అంటారు. మొన్నటి పరీక్షలో మచ్చ పెరగలేదు, తగ్గనూ లేదు. మూడు నెలల తరువాత మళ్ళీ రమ్మన్నారు. ఆ ఒక్కటీ మానేదాకా మా ఆవిడకు నా చేతిపని ఏదీ నచ్చేలా లేదు. ఆమె పక్షాన న్యాయం ఉంది.

తలుపులో ఇంకా నాలుగు చెక్కలు మిగిలాయి. పెన్షనర్ల కోసం మూతపెట్టె ఒకటి చేయమని మావయ్యగారు అడుగుతున్నారు. చేయవచ్చునని మా ఆవిడ కూడా అంది. తాళం పెట్టాలట, తాళంచెవి తన దగ్గర ఉండాలట.