పదో తరగతి తర్వాత ఏ గ్రూపు?

ఈ ఏడాది మా ఇంటికి ఎవరు వచ్చినా ఒకటే ప్రశ్న, "ప్లస్ వన్‌లో ఏ గ్రూపు తీసుకుంటావు?" అని. నాకు వ్యవసాయ డిగ్రీ చదవాలని ఆశ. మా హోసూరు ప్రాంతం రోజా పూలకు పేరు. ఫిబ్రవరి 14 కోసం ఇక్కడి పూలు విదేశాలకు కూడా పోతాయి. మాకూ అర ఎకరా రోజా తోట ఉంది. ఆకులకు బూడిద తెగులు వస్తే మందుల అంగడాయన చెప్పిందే మందు. ఆ తెగులు ఎందుకు వస్తుందో నాకు తెలియాలి.

కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బి.ఎస్సీ. అగ్రికల్చర్ 4 ఏళ్ల చదువు. ప్లస్ టూ మార్కులను బట్టి సీటు ఇస్తారు. అందుకే బయాలజీ గ్రూపు కావాలన్నాను.

"అంత దూరం ఆడపిల్ల ఎట్లా ఉంటుంది?" అంది అవ్వ. "తెలుగు మీడియం నుంచి పోయి ఇంగ్లీషులో ఎట్లా చదువుతావు?" అంది అమ్మ. నాకూ ఆ భయం ఉంది.

మా పెద్దనాన్న కూతురు మన బడిలోనే చదివి, ఇప్పుడు బి.ఎస్సీ. బాటనీ చదువుతోంది. మొదటి సెమిస్టరులో పాఠాలు అర్థం కాక ఏడ్చిందట. తర్వాత నోటుబుక్కులో ఒక పక్క కిరణజన్య సంయోగక్రియ, ఇంకో పక్క ఫోటోసింథసిస్ అని రాసుకుంటూ పోయింది. "విషయం మనకు ముందే తెలుసే, పేరు మాత్రమే కొత్త" అంటుంది అక్క.

నేనూ అట్లాంటి నోటుబుక్కు మొదలుపెట్టాను. పత్రహరితం, క్లోరోఫిల్. బాష్పోత్సేకం, ట్రాన్స్‌పిరేషన్. ఇప్పటికి 60 మాటలైనాయి. నాతో చదివేవాళ్లూ రాసుకుంటే మంచిది.

నాయన ఇంకా సరే అనలేదు. అయితే అప్లికేషను తెచ్చే రోజు తనూ వస్తానన్నారు.